ఎండకు పోనిది

పెద్ద గంజులో నీళ్లు మరుగుతున్నాయి. యాదలక్ష్మి వెదురు కర్రతో చీరెలను లోపలికి అదిమింది. గాలి పట్టి పైకి ఉబ్బిన చీరె మునిగి, కొంచెం రంగు వదిలి, పక్కనుంచి మళ్లీ తేలింది. సరూర్‌నగర్ నుంచి వచ్చిన ఏడు నేత చీరెలు అవి. ఆ ఇంటి కోడలికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు బొంత కావాలి. దసరా లోపల ఇస్తానని మాటిచ్చింది.

అరగంట ఉడికించాలి. రెండు నీళ్లలో జాడించాలి. మేడ మీద ఒక రోజంతా ఆరాలి. అప్పుడు గానీ అంచులు విప్పదు. బొంతలు కుట్టడం ఆమెకు తల్లి రాములమ్మ నేర్పింది. ఉడకని చీరెకు సూది తగలనిచ్చేది కాదు రాములమ్మ. ఎందుకో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు.

"యాదలక్ష్మీ, నీతో ఓ మాట."

ఇంటి యజమానురాలు కోటేశ్వరమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. మామూలుగా పైనుంచే కేకేసే మనిషి. ఈ రోజు కిందికి దిగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆఖరి మెట్టు మీద కూర్చుంది.

"చెప్పు ఆంటీ."

"నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది కదా. పిల్లకి ఆవిరి మిషన్ పెట్టిన అయిదు నిమిషాలకే ఆగిపోయింది. గంటన్నర ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూనే ఉన్నాను. మావాడూ కోడలూ హైటెక్ సిటీలో ఆఫీసుల్లో. ఫోన్ చేస్తే వాళ్లు మాత్రం ఎగిరొస్తారా?"

"ఇప్పుడెట్లున్నది జ్యోతికకు?"

"పడుకుంది. గుర్రుమంటూనే ఉంది." కోటేశ్వరమ్మ పొయ్యి వైపు చూసింది, చీరెల వైపు చూసింది. "దసరా వెళ్లాక మీరు వేరే ఇల్లు చూసుకోండమ్మా."

యాదలక్ష్మి చేతిలో కర్ర ఆగింది. "మేమేం చేసినం ఆంటీ?"

"నువ్వు చేశావని కాదు. ఆ పాత చీరెలు ఎవరెవరి ఒంటి మీదవో ఏమో. నువ్వు చింపుతుంటే దుమ్ము పైకి రాదూ? బడి ఉన్నన్నాళ్లూ పిల్ల పగలంతా బాగానే ఉండేది. సమ్మె మొదలై బళ్లు మూసేశాక రోజూ ఇదే వరస. ఇంట్లో ఉంటే వస్తోందంటే ఇంట్లోనే ఏదో ఉన్నట్టు కదా. పైన నేను రోజుకు రెండుసార్లు ఊడుస్తాను. ఇక మిగిలింది కిందే."

యాదలక్ష్మి కర్రతో మళ్లీ చీరెను అదిమింది.

సాయంత్రం భర్త మహేందర్ వచ్చాడు. ఆర్టీసీ డ్రైవర్. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులు ఆగినప్పటి నుంచి పొద్దున్నే డిపో దగ్గర శిబిరానికి పోయి, నినాదాలిచ్చి, బొంగురు గొంతుతో ఇంటికొస్తున్నాడు. సంగతి విని చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"దుమ్ము లేదు గిమ్ము లేదు. సమ్మె చేస్తున్నమని గుస్స ఆమెకు. మా వల్లనే కరెంటు పోతుందని."

"కరెంటు పోతుంది బొగ్గుబాయోళ్ల సమ్మెతోని. నువ్వు తీసినవా?"

"అందరం ఒక్కటే గద."

"అట్లయితె పైకి పోయి చెప్పు మరి, నీ మనుమరాలికి దమ్ము నా వల్లనే ఒస్తుందని."

మహేందర్ చెప్పులు విడిచాడు. "గది దొరుకుతదిలే" అన్నాడు. ఆ మాటలో బలం లేదని ఇద్దరికీ తెలుసు. ఎల్‌బీ నగర్‌లో గదులకు కొదవ లేదు. కానీ వాకిట్లో పొయ్యి, ఆగని నల్లా, ఆరేసుకోవడానికి మేడ, ఈ మూడూ ఉన్న కిరాయి ఇల్లు ఇదొక్కటే దొరికింది వాళ్లకు. ఇది పోతే బొంతల పని పోయినట్టే.

మర్నాడంతా ఇద్దరూ గల్లీలు తిరిగారు. ఒక ఇంట్లో అంతా కుదిరింది. చీరెలు ఉడకబెట్టుకుంటానని యాదలక్ష్మి చెప్పగానే ఆ ఇంటాయన నవ్వాడు. "గిది ఇల్లనుకున్నవా, ధోబీఘాట్ అనుకున్నవా?" మరోచోట నీళ్లు పొద్దున ఒక గంటే. చీకటి పడే వేళకు మహేందర్‌తో పనిచేసే భిక్షపతి ఫోన్ చేశాడు. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక గది ఉంది. నీళ్లు మాత్రం రెండు రోజులకోసారి ట్యాంకరు.

"వారం లోపల చెప్పాలట" అన్నాడు మహేందర్.

యాదలక్ష్మి గచ్చు మీద పరిచిన అయిదు పొరల చీరె ముందు కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ టాకాలు వేస్తూ పోయింది. ముడత పడ్డచోట అరచేత్తో బయటికి తోసి, మళ్లీ సూది దించింది.

బుధవారం పొద్దున కోటేశ్వరమ్మ మళ్లీ దిగింది. ఇస్త్రీ చీర, భుజాన సంచి. ఒక చేత్తో ఏడేళ్ల జ్యోతికను పట్టుకుంది, ఇంకో చంకలో తెల్లటి దిండు. పిల్ల మెడ ఎముకల దగ్గర ప్రతి ఊపిరికీ గుంట పడుతోంది.

"దిల్‌సుఖ్‌నగర్‌లో అలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష ఇవాళ. పది రోజుల కిందే టైమిచ్చారు. కొత్తపేట దాకా ఆటో వస్తుందిట, అవతల రోడ్డు మీద కూర్చున్నారుట మీ వాళ్లు." ఆగింది. "పిల్ల అంత దూరం నడవలేదు."

రమ్మని అడగలేదు. యాదలక్ష్మి సూదిని గుడ్డకు గుచ్చి లేచింది. "దా బిడ్డా, ఎత్తుకుంట."

కొత్తపేటలో ఆటో దిగేసరికి రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డున రాళ్లు పేర్చి పొయ్యిలు, పెద్ద గిన్నెల్లో అన్నం, డప్పులు. యాదలక్ష్మి పిల్లను పొయ్యిలకు దూరంగా షాపుల అరుగుల మీదుగా ఎత్తుకుపోయింది. "దవాఖానకు పోతున్నం, జర జరుగుండ్రి" అంటే మనుషులు పాయ తీసినట్టు తప్పుకున్నారు. వెనక కోటేశ్వరమ్మ దిండును రెండు చేతులా గుండెకు హత్తుకుని నడిచింది.

"గా దిండెందుకు ఆంటీ, బరువు?"

"అది లేకపోతే పడుకోదు. దారిలో సొమ్మసిల్లితే కావద్దూ. మా ఆయన కుట్టించింది. మా దొడ్లో బూరుగు చెట్టు ఉండేది తెనాలి దగ్గర. కాయలన్నీ తనే ఏరి, గింజలు తీసి, మనవరాలు పుట్టిందని తన పట్టు లాంటి పంచె చింపించి మరీ కుట్టించాడు. పిల్లకి ఏడాది నిండకుండానే పోయాడు." ఎండలో ఆమె ముఖం చెమర్చింది. "వారం వారం మేడ మీద ఎండేసి, బెత్తంతో దులిపి, వేడి మీదే తెచ్చి తల కింద పెడతాను. ఒక్క వారం తప్పలేదు."

డాక్టర్ అంబిక చిన్న మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని జ్యోతిక ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసింది, గీతకో రకం పదార్థపు రసం చుక్క వేసింది, చుక్కకో పోటు సన్నగా పొడిచింది. పిల్ల ఏడవడానికి నోరు తెరిచి, నొప్పి లేకపోయేసరికి మూసుకుంది.

"పావుగంట గీకకూడదు. గీకితే మళ్లీ మొదటినుంచి."

జ్యోతిక ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, దొంగను కాపలా కాస్తున్నట్టు కూర్చుంది.

అప్పుడు కోటేశ్వరమ్మ సంచిలోంచి ముడి వేసిన పాలిథిన్ కవరొకటి తీసి బల్ల మీద పెట్టింది. "దీన్ని కూడా చూస్తారేమోనని తెచ్చానండీ. కింద అద్దెకున్న వాళ్ల వాకిట్లో ఊడ్చిన దుమ్ము."

యాదలక్ష్మి కవరు వైపు చూసింది. బూడిదరంగు దుమ్ములో నీలం దారప్పోగులు. సరూర్‌నగర్ చీరె అంచువి. తను చూడనప్పుడు, తను పొరుగింటికి పోయినప్పుడో నల్లా దగ్గరున్నప్పుడో, ఆంటీ తన గడప ముందు కూర్చుని చీపురుతో పోగుచేసి ఉంటుంది. చెవుల దాకా వేడెక్కింది. కొంగు భుజం మీదుగా గట్టిగా లాక్కుంది.

డాక్టరు ఇద్దరి ముఖాలూ చూసింది. చిటికెడు దుమ్ము గాజుపలక మీద వేసుకుని మైక్రోస్కోపు కింద పెట్టింది. అటూ ఇటూ జరిపింది. "నూలు పోగులు. మట్టి. కాస్త బూడిద." తల ఎత్తింది. "ఇందులో ఏం లేదమ్మా. పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

"నా పక్కనే. ఇదిగో, ఈ దిండు మీద."

డాక్టరు గమ్ము టేపు ముక్క చింపి, దిండు మీద వేసి నొక్కి, ఎత్తి, పలక మీద అంటించింది. ఈసారి చాలాసేపు చూసింది. లేచి కోటేశ్వరమ్మకు కుర్చీ జరిపింది. "మీరే చూడండి."

కోటేశ్వరమ్మ ఒక కన్ను మూసి వంగింది. వంగినంత వేగంగా వెనక్కి జరిగింది. "కాళ్లున్నాయే దీనికి!"

"ఎనిమిది. కంటికి ఆనదు. ఎండకి చచ్చి ఎండిపోయింది. దాని పక్కన గుండ్రంగా గింజల్లాంటివి ఉన్నాయి చూడండి, అవి దాని రెట్టలు. గొడవంతా వాటితోనే."

పావుగంట అయింది. జ్యోతిక చేతి మీద పత్తి గీత దగ్గర ఏమీ లేదు. ధాన్యపు పొట్టు, పుప్పొడి, బొద్దింక, దేని దగ్గరా లేదు. ఒక్క గీత పక్కన మాత్రం దోమ కుట్టినట్టు రూపాయంత దద్దురు.

"ఈ పురుగుదే" అంది డాక్టరు. "ఇది కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి మీంచి రాలే చర్మప్పొట్టు తిని బతుకుతుంది. ఆ పొట్టు గట్టిది, అరగాలి కదా. అరిగించడానికి దాని కడుపులో ఒక ప్రొటీన్ ఊరుతుంది. అది రెట్టతోపాటు బయటికొస్తుంది. బయటికొచ్చినా ఊరుకోదు, తడి తగిలితే చాలు, మళ్లీ పని మొదలుపెడుతుంది. పిల్ల ముక్కులో, ఊపిరి గొట్టాల్లో తడి ఉంటుంది. అక్కడ పడ్డాక అది పొట్టా, పిల్ల లోపలి పొరా అని దానికి తెలియదు. కొరుకుతుంది. ఒళ్లు ఎవరో దొంగలు పడ్డారనుకుని గగ్గోలు పెడుతుంది."

"అంటే కావాలని చెయ్యది" అంది యాదలక్ష్మి.

"కావాలని కాదు. దానికొచ్చిన పని అదొక్కటే." డాక్టరు ఆమె వైపు తిరిగింది. "మీ ఇంట్లో ముదురు మటన్ తెస్తే ఏం వేస్తారు?"

"పచ్చి బొప్పాయి. గడ్డిఅన్నారం మార్కెట్ల దొరుకుతది గద."

"బొప్పాయి పాలలో మాంసాన్ని మెత్తబరిచేది ఉంటుంది చూడు, అదీ ఈ పురుగు కడుపులోదీ ఒకే వంశం."

యాదలక్ష్మి తన వేళ్ల కొసలు చూసుకుంది. పచ్చి బొప్పాయి కోసిన రోజు సాయంత్రం దాకా అవి చురచురమంటాయి. తోలు పలచనై, సూది పట్టుకుంటే జారుతుంది. ఆ మంట పిల్ల గొంతులో ఉందన్నమాట. ఇంతసేపూ వింటున్న మాటలన్నీ ఒక్కసారి వేళ్లలోకి వచ్చినట్టయింది.

"మరి మేడం, ఉడికిన బొప్పాయేస్తే మాంసం మెత్తగ కాదు. పచ్చిదే వెయ్యాలె. ఉడుకు తగిలిందంటె గా పాలు పనిచెయ్యయి."

"అవును."

"గీ పురుగుది గూడ అంతేనా?"

డాక్టరు కళ్లజోడు కిందికి దించుకుని ఆమెను మళ్లీ చూసింది. "అంతే. మరిగే నీళ్లలో చచ్చిపోతుంది దాని శక్తి. ఇంకో ప్రొటీన్ ఉంది దీనిలో, అది కాస్త మొండిది. పురుగుకు అదెందుకో మాకూ ఇంకా సరిగ్గా తెలియదు, కొవ్వును పట్టుకుంటుందని అనుకుంటున్నారు. కానీ అదీ నీళ్లలో కరుగుతుంది. ఉతికి పిండితే పోతుంది. నువ్వేం పని చేస్తావు?"

"బొంతలు కుడత మేడం. ఉడకబెట్టి, జాడించి, అప్పుడు కుడత."

"ఎవరు చెప్పారు అలా చెయ్యమని?"

"మా అమ్మ."

కోటేశ్వరమ్మకు ఇవేవీ వినపడినట్టు లేదు. ఒళ్లో ఉన్న దిండును చూస్తోంది. "ఎండకి పోదా డాక్టరు గారూ? వారం వారం నేను..."

"ఎండకి పురుగు చస్తుందమ్మా. అది వదిలింది చావదు, దానికి ప్రాణం లేదు కదా. మీరు బెత్తంతో కొడితే అంతా పొడై గుడ్డలోంచి పైకొస్తుంది. దాని మీద పిల్ల ముఖం పెడుతుంది. బడి ఉన్నప్పుడు పగలైనా దూరంగా ఉండేది. ఇప్పుడు నీరసంగా ఉందని పగలూ దాని మీదే పడుకోబెడుతున్నారు కదా?"

కోటేశ్వరమ్మ తలూపింది.

"ఇందులో మీ తప్పేం లేదు. దిండు తీసెయ్యండి. పరుపుకు జిప్పు తొడుగు వెయ్యండి. పక్కబట్టలు వారానికోసారి మరిగే నీళ్లలో ఉతకండి. మందు పీల్చడం మానొద్దు." తర్వాత యాదలక్ష్మితో అంది, "పొగ మాత్రం పిల్లకు పడదు. నీ పొయ్యి కాస్త దూరం జరుపుకో."

"జరుపుకుంట మేడం."

తిరుగుదారిలో వంటావార్పు దగ్గర విస్తళ్లు వేస్తున్నారు. పసుపు చీరెలో ఉన్న ఒకామె గరిటెతో అడ్డం వచ్చింది. "పెద్దమ్మా, పిల్లతోని పోతున్నరు, తిని పోండ్రి."

"మాది గుంటూరు జిల్లా అమ్మా" అంది కోటేశ్వరమ్మ కంగారుగా.

"గుంటూరోళ్లకు ఆకలి కాదా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. జ్యోతిక అప్పటికే విస్తరి ముందు కూర్చుంది. కోటేశ్వరమ్మ కూడా చతికిలబడి, అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిన్నాక మెల్లిగా యాదలక్ష్మి చెవిలో, "పప్పులో ఉప్పు తక్కువైంది" అంది. క్లినిక్కులోంచి వచ్చాక యాదలక్ష్మితో ఆమె అన్న మొదటి మాట అది.

ఆ రోజు గానీ, మర్నాడు గానీ ఆమె కిందికి రాలేదు. యాదలక్ష్మి పొయ్యి రాళ్లను ప్రహరీ గోడ అవతలి మూలకు జరిపింది. నల్లా నుంచి బిందె ఇరవై అడుగులు మోయాల్సొస్తోంది. మోసింది.

శుక్రవారం పొద్దున కోటేశ్వరమ్మ దిండుతో వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"దీన్ని ఉడకబెట్టగలవా?"

యాదలక్ష్మి దిండును చేత్తో నొక్కి చూసింది. "బూరుగుదూదికి నీళ్లు తగిల్తె ముద్దలు కడ్తది ఆంటీ. మల్ల విడవది. గుడ్డయితే ఉడుకుతది."

కోటేశ్వరమ్మ దిండును యాదలక్ష్మి చేతుల్లోకి తోసింది. "అయితే విప్పు."

గేటు అవతల, గాలివాటు చూసుకుని, ఇద్దరూ ముక్కులకు తుండుగుడ్డలు కట్టుకున్నారు. యాదలక్ష్మి బ్లేడుతో కుట్టు ఒక్కొక్క టాకా తెంపింది. దూది పసుపు పచ్చగా మారి ఉంది. అక్కడక్కడ నల్లటి గింజ తగిలింది. "గింజలన్నీ తీశానన్నాడు, అబద్ధాలకోరు" అంది కోటేశ్వరమ్మ, కళ్లు తుడుచుకుంటూ నవ్వి. దూదిని తనే సంచిలో కుక్కి, మూతి కట్టి, చెత్తబండి అబ్బాయి చేతికి ఇచ్చింది. బండి మలుపు తిరిగే దాకా చూసి లోపలికి వచ్చింది.

పంచెగుడ్డ అరగంట ఉడికింది. యాదలక్ష్మి దాన్ని పై పొరగా పెట్టి, కింద కోటేశ్వరమ్మ పాత చీరెలు నాలుగు వేసి, మూడు రోజుల్లో పిల్లకు బొంత కుట్టింది. సరూర్‌నగర్ పని పక్కన పెట్టి మరీ కుట్టింది. కోటేశ్వరమ్మ వచ్చి తీసుకుంది, టాకాలు వేళ్లతో తడిమింది, "సన్నగా వేశావు" అంది. ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి ఒక్క ముక్క అనలేదు. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం మహేందర్ శిబిరం నుంచి తొందరగా వచ్చాడు. "పెద్ద అంబర్‌పేటాయన ఫోన్ చేసిండు. ఇయ్యాల చెప్పకపోతే వేరేటోళ్లకు ఇస్తడట. ఏం చెప్పాలె?"

"నాకేం ఎర్క?"

"ఆమెనడుగు."

"నువ్వడుగు. నువ్వే గద గుస్స అన్నవు."

"గామె దిక్కు చూస్తె నాకు మాట రాదు" అన్నాడు మహేందర్. వెయ్యి మందిలో మైకు పట్టుకునే మనిషి.

యాదలక్ష్మి మెట్లెక్కింది. సగం మెట్ల దగ్గర ఆగి, ఏమని మొదలుపెట్టాలో అనుకుంది. సరూర్‌నగర్ బొంత పూర్తి కాలేదనాలా, పండుగ దాటి పదిరోజులు ఆగమనాలా. రెండూ బతిమాలినట్టే ఉన్నాయి.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసేసరికి కోటేశ్వరమ్మ గబగబా వచ్చి పెదవుల మీద వేలు పెట్టింది. చెయ్యి పట్టుకుని మంచం దాకా లాక్కుపోయింది.

కరెంటు లేదు. ఫ్యాను ఆగి ఉంది. జ్యోతిక బోర్లా పడుకుని నిద్రపోతోంది. నోరు మూసుకుని ఉంది. ఇద్దరూ మంచానికి అటొకరు ఇటొకరు వంగి చెవులు రిక్కించారు. పక్కింటి కుక్కర్ కూత వినిపించింది, దూరంగా డప్పు వినిపించింది. పిల్ల ఊపిరి మాత్రం వినిపించలేదు. వీపు లేస్తోంది, దిగుతోంది.

"మూడు రోజులైంది మిషన్ తియ్యక" గుసగుసగా అంది కోటేశ్వరమ్మ. పిల్ల మీద నుంచి చూపు తిప్పకుండానే, "పెద్ద అంబర్‌పేట్‌లో గది చూశారుట?"

"చూసినం ఆంటీ."

"నీళ్లు పడతాయా అక్కడ?"

"పడయి. ట్యాంకరే, రెండొద్దులకొకపారి."

"మరి అక్కడికి పోయి నువ్వేం కుడతావే?"

కోటేశ్వరమ్మ దుప్పటి అంచు సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది. "ఆ దుమ్ము కవరు... నీ గడపలో నేనలా ఊడ్చి ఉండకూడదమ్మాయ్" అంది, దుప్పటితో చెప్తున్నట్టు.

"అబ్బ!" జ్యోతిక కళ్లు తెరవకుండానే విసుక్కుంది. "మీరిద్దరూ బయటికి పోయి మాట్లాడుకోండి నానమ్మా. నాకు నిద్రొస్తుంటే."

ఇద్దరూ నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ వసారాలోకి వచ్చిపడ్డారు.

యాదలక్ష్మి మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయింది. కింద మహేందర్ ఫోన్ చేతిలో పట్టుకుని తలెత్తి చూస్తున్నాడు.

"ఏమన్నది?"

"నీళ్లు పడతయా అని అడిగింది."

"గదేం మాట? ఉండమన్నదా, పొమ్మన్నదా?"

చెప్పడానికి నోరు తెరిచింది గానీ నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. అంబర్‌పేటాయనకు ఫోన్ చెయ్యమని, వద్దని చెప్పమని, చేత్తోనే సైగ చేసింది.